నున్నటి నక్షలో లేని గట్టు

నంగునూరు వైపు ఒక ఊరి పంచాయతీ ఆఫీసులో, గోడకు అతికించిన నా మ్యాప్ ముందు నిలబడి ఒక ముసలమ్మ మమ్మల్ని ఒక ప్రశ్న అడిగింది. ఆ ఏడాది నేను చేసిన పని అంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

మ్యాప్ చూడ్డానికి ముచ్చటగా ఉంది. మధ్యలో ఊరు, పడమర చిన్న గుట్ట, తూర్పున చెరువు. గుట్ట మీద పడిన వాన ఎటు పారుతుందో చెబుతూ నీలిరంగు బాణాలు. వాన నీళ్లు పోయే కొత్త మోరి ఎక్కడ కట్టాలో తేల్చుకోవడానికి పంచాయతీ వాళ్లు మా ఆఫీసుకు ఆ పని అప్పగించారు. మా సారు ఒక్కో బాణం మీద వేలు పెట్టి వివరిస్తున్నారు. ఫ్యాను గాలికి కాగితం మూల లేస్తుంటే నేను పట్టుకుని నిలబడ్డాను. బెంచీల మీద వార్డు మెంబర్లు, తలుపు దగ్గర ఊరి జనం.

ఆ జనంలోంచి ముసలమ్మ ముందుకు వచ్చింది. దక్షిణపు వాడలో చివరి ఇల్లు ఆమెది. మ్యాప్‌ను దగ్గరగా చూసి, సారు వైపు తిరిగింది.

"సారూ, గీ నక్షల నీళ్లన్ని సక్కగ చెరువుల పడుతున్నయి. మంచిగనే ఉన్నది. మరి ఏటేట నా ఇంట్లకొచ్చే నీళ్లు ఎవ్వలియి?"

అందరూ గొల్లున నవ్వారు. ఊరి సర్పంచ్ కూడా ఆడమనిషే. ఆమెను అందరూ సర్పంచక్క అంటారు. ఆమె మాత్రం నవ్వలేదు.

"అవ్వ అబద్ధమాడది సారు. వానకాలం వచ్చిందంటె ఆ వాడల బియ్యం బస్తాలు మంచాల మీద పెట్టుకుంటరు. మీ నక్షల అటు దిక్కు ఒక్క బాణం గూడ లేదు."

మళ్లీ చూసి చెబుతామని సారు అన్నారు. సిద్దిపేటకు తిరిగి వస్తుంటే కారులో, "ఆమె ఇంటి ముంగట మోరి జామ్ అయ్యుంటది, గంతే. మన డేటాల తప్పు లేదు" అన్నారు. ఆ మ్యాప్ చేసింది నేను. డ్రోన్ అబద్ధం చెప్పదు, ఏటా నీళ్లు తోడిపోసుకునే మనిషీ అబద్ధం చెప్పదు. అలాంటప్పుడు తేడా ఆ రెండింటి మధ్యే, అంటే నా కంప్యూటర్‌లోనే, ఎక్కడో ఉండాలి. ఆ ఆలోచన దారి పొడవునా పంటిలో ఇరుక్కున్న పీచులా నన్ను వదల్లేదు.

నేనేం పని చేస్తానో ఇక్కడ కాస్త చెప్పాలి. సిద్దిపేటలో స్టీలు సామాన్ల దుకాణం మీద, రెండో అంతస్తులో మా ఆఫీసు. ఊళ్లకూ పొలాలకూ మ్యాపులు చేస్తాం. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా పూర్తి చేసి నేను ఆ ఆఫీసులో చేరినప్పుడు నాకు ఇచ్చిన పని, ఫొటోలో కనిపించే ఇంటి కప్పుల చుట్టూ మౌసుతో గీతలు గీయడం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కప్పులే. అన్నం తినే వేళ అందరూ బయటికి పోతే నేను డబ్బా ఒక పక్క పెట్టుకుని ఆ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మిగతా బటన్లన్నీ నొక్కి చూసేదాన్ని. ఏది నొక్కితే ఏమవుతుందో, ఎందుకవుతుందో తెలిసేదాకా వదిలేదాన్ని కాదు. అట్లా నేర్చుకున్నవే ఫిల్టర్లు.

డ్రోన్ ఊరి మీద తిరుగుతూ ఫొటోలు తీస్తుంది. ఆ ఫొటోల నుంచి కంప్యూటర్ నేల ఎత్తును లెక్కగడుతుంది. నేలంతా చిన్న చిన్న గళ్లుగా మారిపోతుంది; ఒక్కో గడిలో ఒక అంకె. ఆ అంకె అక్కడి ఎత్తు. ఇలాంటి గళ్ల పటాన్నే మా పనిలో రాస్టర్ అంటాం. అయితే డ్రోన్‌కు నేల ఏదో, నేల మీదున్నది ఏదో తెలియదు. తుమ్మపొద, గడ్డివాము, ఆ పూట అక్కడ మేస్తున్న బర్రె, అన్నీ దానికి ఎత్తులే. అందుకే ముడి రాస్టర్ తెర మీద అమ్మవారు పోసిన మొహంలా గుంటలు, బొడిపెలతో కనిపిస్తుంది. దాన్ని నున్నగా చేయడానికి స్మూతింగ్ ఫిల్టర్ ఉంటుంది. ఒక్కో గడి తన చుట్టుపక్కల గళ్ల అంకెలు తీసుకుని, వాటి సగటును తన అంకెగా చేసుకుంటుంది. ఎందరు పక్కవాళ్లను కలుపుకోవాలో చెప్పే కొలతను కిటికీ అంటాం; కిటికీ ఎంత పెద్దదైతే నేల అంత నున్నన.

మా సారుకు నున్నటి మ్యాపులంటే ఇష్టం. ఆయన మంచివారే, పని తెలిసినవారే. కానీ గోడ మీద పెట్టే మ్యాప్ కంటికి ఇంపుగా ఉండకపోతే ఎవరూ నమ్మరని ఆయన నమ్మకం. ఆ ఊరి రాస్టర్‌కు పెద్ద కిటికీ పెట్టి, ఒకసారి చాలక రెండోసారి కూడా స్మూతింగ్ వేయమన్నారు. నేను వేశాను. పొదలు పోయాయి, బర్రెలు పోయాయి, నేల పట్టుచీర పరిచినట్టు వచ్చింది. వాటితో పాటు ఇంకేం పోయాయో ఆ రోజు ఎవరం చూడలేదు.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకు వెళ్లి ముడి రాస్టర్‌ను మళ్లీ తెరిచాను. ఈసారి సగటు వద్దనుకున్నాను. మీడియన్ అని ఇంకో రకం ఉంది. అది పక్కవాళ్ల అంకెలన్నీ వరుసలో నిలబెట్టి నడిమి అంకెను పట్టుకుంటుంది. ఒంటరిగా ఎగిరిపడే పొదనూ బర్రెనూ తీసేస్తుంది కానీ, వరుసగా సాగే గట్టునో గోడనో అంతగా అరగదీయదు. చిన్న కిటికీతో ఒక్కసారే వేశాను. తర్వాత దాని మీద అంచులు పైకి తేలే ఫిల్టర్ వేశాను. ఇది స్మూతింగ్‌కు సరిగ్గా ఎదురు పని చేస్తుంది. పక్కవాళ్లతో కలవని గడి ఎక్కడుంటే దాన్ని పట్టి, ఆ తేడాను ఇంకా పెద్దది చేసి చూపిస్తుంది.

తెర మీద ఊరు మారిపోయింది. ప్రహరీ గోడలు, ట్రాక్టర్ టైర్ల చాళ్లు, వరిమళ్ల ఒడ్లు, ఇళ్ల కప్పుల చూర్లు, అన్నీ తెల్లటి గీతలై లేచాయి. కళ్లు చెదిరేంత గజిబిజి. అంచుల ఫిల్టర్‌తో ఉన్న చిక్కే అది. నిజం అంచునూ, అక్కర లేని అంచునూ అది ఒకే గొంతుతో చెబుతుంది. ఒక్కో గీతనూ ఫొటోతో పోల్చుకుంటూ కూర్చున్నాను. ఇది గోడ, ఇది కప్పు, ఇది టైరు చాలు. అట్లా ఒక్కోటీ తీసేస్తూ పోతే, గుట్టకూ ఊరికీ మధ్య ఖాళీ జాగాలో ఒక గీత మిగిలింది. సన్నగా, కొంచెం వంకరగా, గుట్ట కింద మొదలై ఏటవాలుగా దక్షిణపు వాడ వైపు దిగుతోంది. ఫొటోలో అక్కడ ఎండిన గడ్డి తప్ప ఏమీ లేదు.

ఆ గీతను దాటనివ్వకుండా నీళ్ల దారిని మళ్లీ లెక్క కట్టించాను. గుట్ట మీది బాణాలన్నీ వచ్చి ఆ గీతకు తగిలి, దాని వెంటే దక్షిణానికి తిరిగాయి. చివరి బాణం ముసలమ్మ ఇంటి దగ్గర ఆగింది.

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నా అంతట నేను ఒక సంగతి కనిపెట్టానని అనిపించడం నా బతుకులో అదే మొదటిసారి.

సారును పిలిచి చూపించాను. ఆయన కళ్లద్దాలు పైకి తోసి చాలాసేపు చూశారు.

"ఇది అతుకమ్మా" అన్నారు చివరికి. "డ్రోన్ ఒక వరుస పోయి ఇంకో వరుస వస్తది గద. రెండు వరుసలు కలిసిన కాడ గిట్ల గీత పడుతది. అంచుల ఫిల్టర్ ఏస్తె అతుకులు గూడ గట్టుల్లెక్కనే కనపడతయి. గందుకే నాకు గది నచ్చది."

ఆయన మాటలో నిజం ఉంది. అతుకులు అట్లాగే కనిపిస్తాయి. కానీ నేను అది కూడా చూశాను.

"అతుకైతె డ్రోన్ పోయిన దారి పొంటి తిన్నగ ఉండాలె గద సారు. ఇది వంకర పోయింది. డ్రోన్ దారికి అడ్డం పోయింది."

ఆయన ఇంకోసారి చూశారు. "గీడ జానెడు ఎత్తు గూడ లేదు. జానెడు గట్టు ఊరి నీళ్లను మలుపుతదా?"

"చూస్తె తెలుస్తది సారు. నేను పోయి చూసొస్త."

"చూసిరా మరి" అన్నారు. వద్దని అనలేదు. ఆ ఒక్క మాటకు ఆయన మీద నాకు ఇప్పటికీ గౌరవం.

మా ఇల్లు చింతమడక దారిలో ఒక పల్లెలో. నాయిన కల్లుకు తాటిచెట్లు గీస్తాడు. ఇప్పటికీ పొద్దున్నే చెట్టెక్కే మోకు భుజానేసుకుని వనానికి పోతాడు. అవ్వ, అంటే మా అమ్మ, కూలికి పోయేది. మోకాళ్ల నొప్పులొచ్చాక మానేసింది. నేను కంప్యూటర్ పని చేస్తానని ఇద్దరికీ తెలుసు కానీ, ఏం చేస్తానో ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. అడిగితే "నక్షలు చేస్త" అని ఊరుకునేదాన్ని. ఆ సాయంత్రం మాత్రం చెప్పకుండా ఉండలేకపోయాను. అవ్వ అరుగు మీద బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నాయిన కాళ్లు కడుక్కుని వచ్చి గోడకు ఆనుకున్నాడు.

"అవ్వా, మన వాడల తొమ్మిది ఇండ్లు ఉన్నయనుకో. నడిమి ఇంటామె ఒక్కతె పెద్దగ ఒర్రుతున్నది. అప్పుడు ఏం చేస్తరు?"

"ఒర్రకని అంటరు."

"గదే నున్నగ చేసే ఫిల్టర్. చుట్టు ఎనిమిది మంది కలిసి నడిమి ఆమెను తమ లెక్క చేస్తరు. వాడంత ఒక్కతీరుగ ఉంటది."

"మంచిదే గద" అంది అవ్వ.

"మంచిదే. గని ఆమె ఊకె ఒర్రుతలేదు, ఇల్లు అంటుకుందని ఒర్రుతున్నదనుకో?"

అవ్వ చేట ఆపి నా వైపు చూసింది. నాయిన నవ్వాడు.

"గప్పుడు ఆమెను ముంగటికి తోలి, ఏందో చెప్పమనాలె" అన్నాడు.

"గదే నాయినా రెండో ఫిల్టర్! పక్కోళ్లతోటి కలవనిదాన్ని ముంగటికి తెస్తది."

ఇద్దరికీ అర్థమైంది. నాకు అంత సంతోషం ఎందుకు కలిగిందో చెప్పలేను. కాలేజీలో మాకు దీన్ని లెక్కల గుర్తులతో చెప్పారు; పరీక్షలో రాసి మర్చిపోయాం. మా అరుగు మీద మా అవ్వకు చెప్పగలిగాక, అది నాకు నిజంగా వచ్చిందన్న నమ్మకం కుదిరింది.

ఆ గీత సంగతి కూడా చెప్పాను. సారు అతుకన్నారని, నేను గట్టనుకుంటున్నానని. నాయిన, "చూడకుండ మాత్రం చెప్పకు. పోయి కాలుతోటి తొక్కి రా" అన్నాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, "నేను గీసేది చెట్టు, నువ్వు గీసేది ఊరు. మన ఇంటి పని గీతలే" అని తన మాటకు తానే మురిసిపోయాడు.

రెండు రోజులాగి స్కూటీ మీద ఆ ఊరికి పోయాను. మిరుగు కార్తె ఇంకా రాలేదు, వానలు మొదలు కాలేదు. ఎండ నడినెత్తిన మండుతోంది. ఫోన్లో నా గీతను ఎక్కించుకున్నాను. నేను నడుస్తుంటే మ్యాప్ మీద నీలం చుక్క కూడా నడుస్తుంది. సర్పంచక్క వచ్చింది. ముసలమ్మ కొంగు నెత్తిన కప్పుకుని మా వెనకే వచ్చింది.

గుట్ట కింద జాగా ఒకప్పుడు మెట్టపంటలు పండే చెలక. ఇప్పుడు మొరం మట్టి పోసి, చదును చేసి, ప్లాట్లు చేశారు. అక్కడక్కడ హద్దు రాళ్లు, మధ్యలో ఎండిన గడ్డి, రెండు మూడు తుమ్మపొదలు. చూపుకు అంతా సాపు నేల. నీలం చుక్క గీతకు దగ్గరవుతుంటే గబగబా అడుగులు వేశాను. చుక్క గీత మీదికి వచ్చింది. కింద చూశాను. గడ్డే.

"గీడనేనా?" అంది సర్పంచక్క.

చెప్పు విప్పి కాలితో గడ్డిని పక్కకు నెట్టాను. అరికాలికి నేల పొంగుగా తగిలింది. రెండడుగులు ముందుకు వేస్తే మళ్లీ దిగింది. వెనక్కు వచ్చి గడ్డి పీకాను. పాత గట్టు. వానలకు అరిగి, గడ్డి పట్టి, జనం తొక్కి తొక్కి, జానెడు కన్నా తక్కువకు దిగిపోయి ఉంది. కానీ తెగలేదు. ఎక్కడా ఒక్క గండి కూడా లేదు. దాని వెంట వంగి చూస్తే, తెర మీద నేను చూసిన వంకరే నేల మీదా ఉంది.

"దీన్ని దాటుకుంటనే రోజు బస్సుకు పోతం" అంది సర్పంచక్క ఆశ్చర్యంగా. "ఎన్నడు కాలికి తగల్లే."

"చెలక ఉన్నప్పటి గట్టు ఇది" అంది ముసలమ్మ. "గని అప్పుడు నాకు నీళ్లు రాకపోవు బిడ్డా."

అదే నాకూ తట్టింది. గట్టు పాతదే అయితే కష్టం కొత్తది ఎందుకు? జాగా చుట్టూ చూస్తే జవాబు అక్కడే ఉంది. చెలకగా ఉన్నప్పుడు మెత్తటి దున్నిన నేల వాననంతా తాగేది; మడికొక గట్టు చొప్పున ఎక్కడి నీళ్లు అక్కడే ఆగేవి. ప్లాట్లు చేసినప్పుడు మిగతా గట్లన్నీ చదును చేసి, మొరం పోసి రోలరు తిప్పారు. నేల సిమెంటు గచ్చులా గట్టిబడింది. చివరన హద్దు కింద పనికొస్తుందని ఈ ఒక్క గట్టును ఉంచేశారు. గుట్ట మీది నీళ్లన్నీ జారుకుంటూ వచ్చి దీనికి తగిలి, దీని వెంటే వాడలోకి దిగుతున్నాయి. నేను ఇదంతా చెబితే సర్పంచక్క నమ్మినట్టే తలూపింది కానీ, ఆమె కళ్లలో అనుమానం పోలేదు. మా సారు అడిగిందే ఆమే అడిగింది.

"గింత గట్టు గన్ని నీళ్లను ఆపుతదా చెల్లే? రేపు మోరి గిట్ల కట్టినంక నీళ్లు మల్ల అటే పోతె ఊరోళ్లు నన్ను బతకనిస్తరా?"

మాటలతో ఒప్పించే సంగతి కాదని నాకూ తెలుసు. రోడ్డు పక్కన మొక్కలకు నీళ్లు పోసే పంచాయతీ ట్యాంకర్ కనిపించింది.

"అక్కా, ఆ ట్యాంకర్ నింపిచ్చి గుట్ట కాడ ఇడిస్తె? వాన దాక ఆగుడెందుకు?"

సర్పంచక్క నన్ను ఎగాదిగా చూసి పకపకా నవ్వింది. "పెద్దదానివే నువ్వు!" అంది. అప్పటికప్పుడే ట్రాక్టర్ డ్రైవర్‌కు ఫోన్ చేసింది. నేను సారుకు ఫోన్ చేశాను. ఆయన ఏదో పని మీద ఉన్నా, "వస్తున్న, నేనొచ్చేదాక ఇడువకుండ్రి" అన్నారు.

మా సారు వచ్చేసరికి వాడ వాడంతా అక్కడ చేరింది. ఆ ప్లాట్ల ఆసామికి కూడా ఎవరో కబురు పెట్టారు. ఊళ్లో పాత భూస్వాముల ఇంటి మనిషి. సిద్దిపేటలో వ్యాపారం చేస్తాడు. కారు దిగుతూనే సర్పంచక్క మీద గరమయ్యాడు.

"నా జాగల మీరేం చేస్తున్రు? అది మా తాత పెట్టిన గట్టు. దాన్ని తెంపితె నా హద్దు పోతది."

"ఎవ్వలు తెంపుతలేరు పటేలా. ఉత్త నీళ్లు ఇడుస్తున్నం. జర చూడుండ్రి" అంది ఆమె.

డ్రైవర్ ట్యాంకర్ మూత తిప్పాడు. నీళ్లు దబదబా దూకి, మొరం మీద నురగతో పరుచుకుని, పల్లం వెతుక్కుంటూ తూర్పుకు బయల్దేరాయి. చెరువు వైపే. నా నున్నటి మ్యాప్‌లో బాణాలు చూపించిన దారే అది. జనంలో ఎవరో "చెరువు దిక్కే పోతున్నయి గద" అన్నారు. సారు నా వైపు చూడలేదు; నీళ్లనే చూస్తున్నారు.

నీళ్ల ముక్కు గడ్డిలోకి దూరింది. గట్టుకు తగిలి ఆగింది. కాసేపు మడుగు కట్టింది. వెనక నీళ్లు వచ్చి చేరుతుంటే మడుగు ఉబ్బి, కదిలి, ఒక పక్కకు ఒరిగింది. దక్షిణానికి. ఆ తర్వాత ఇక ఆగలేదు. గట్టును ఆనుకుని, పాము పోయినట్టు వంకర తిరుగుతూ, ఎక్కడా దాన్ని దాటకుండా పోయింది. సారు చెప్పులు చేత పట్టుకుని, ప్యాంటు మడిచి, నీళ్ల వెంట నడిచారు. ఆయన వెనక నేను, నా వెనక ఊరు. వాడ మొదట్లో సిమెంటు రోడ్డు ఎక్కిన నీళ్లు సందు మలుపు తిరిగి ముసలమ్మ ఇంటి ముందున్న కడప రాయిని తడిపాయి.

ముసలమ్మ అందరికంటే ముందే అక్కడ నిలబడి ఉంది. నీళ్లను చూపిస్తూ మా సారుతో అంది.

"చూసినవా సారూ. గివే. గిట్లనే వస్తయి."

సారు తలూపారు. తర్వాత అందరూ వినేలా, "నేను అతుకనుకున్న. గట్టే. మా అమ్మాయి చెప్పిందే నిజం" అన్నారు. ఆ మాట ఆయన గొంతులో ఎట్లా పలికిందో నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. అందులో ఓడిపోయిన బాధ లేదు, చిన్నబుచ్చుకోవడం లేదు. పిల్ల పరీక్ష పాసైతే తండ్రి నలుగురిలో చెప్పుకున్నట్టు చెప్పారు.

మిగిలింది ఆసామి. ఆయన గట్టు మీద నిలబడి తడిసిన నేలను చూస్తున్నాడు. నేను ఫోన్ తీసి ఆయనకు చూపించాను.

"పటేలా, మీ హద్దు రాళ్లు ఇగో, గీడ గీడ ఉన్నయి. గట్టు పోయినా హద్దు పోదు. గని గట్టు తెంపుడు గూడ అక్కర లేదు. దీని కిందికెళ్లి పైపు ఏస్తె, నీళ్లు రోడ్డు పక్క కాలువల పడి చెరువుకు పోతయి. మీ తాత గట్టు మీకే ఉంటది."

"ఏ జాగల పైపు?"

మడుగు కట్టిన చోటు చూపించాను. అక్కడ నేల ఇంకా నీళ్లతో మెరుస్తోంది. ఆయన ముసలమ్మ ఇంటి వైపు ఒకసారి చూశాడు.

"మా అమ్మ ఉన్నప్పుడు ఈ అవ్వ మా ఇంట్ల నాట్లకు వచ్చేది" అన్నాడు. "ఏసుకోండ్రి. పైపు ఏసినంక గట్టు మల్ల మంచిగ కట్టాలె."

పెద్ద మోరి కడదామనుకున్న పని పైపులతో తీరిపోయింది. నేను రెండో మ్యాప్ చేశాను. ఇది మొదటిదంత అందంగా లేదు. నేల కొంచెం గరుకుగా కనిపిస్తుంది. కానీ గట్టు ఉంది, సందు మలుపు ఉంది, పైపులు వేయాల్సిన చోటు ఉంది. సారు దాన్ని ముట్టుకోలేదు. ఇంకా నున్నగా చేయమని అనలేదు. ప్రింటుకు పంపే ముందు మాత్రం నన్ను పక్కకు జరగమని, తనే కూర్చుని ఏదో టైప్ చేశారు.

పైపులు పడ్డాక మొదటి పెద్ద వాన ఒక మధ్యాహ్నం వచ్చింది. సిద్దిపేటలోనూ కుండపోత. స్టీలు దుకాణం రేకుల మీద చప్పుడుకు పక్కవాళ్ల మాట వినపడటం లేదు. ఫోన్ మోగింది. సర్పంచక్క నంబరు. గొంతు మాత్రం ముసలమ్మది; ఫోన్ అలవాటు లేనివాళ్లు మాట్లాడినట్టు అరుస్తోంది.

"బిడ్డా! వాన కొడుతున్నది బిడ్డా!"

"అవ్వా, నీళ్లొచ్చినయా?"

"రాలే! గడప కాడ కూసున్న. చూస్తనే ఉన్న. సందు తడిసింది గంతే. రాలే బిడ్డా!"

తర్వాత ఫోన్లో వాన చప్పుడు మాత్రమే వినిపించింది. ఆమె ఫోన్ పట్టుకుని ఊరికే కూర్చున్నట్టుంది. నేనూ పెట్టేయలేదు. ఆఫీసులో అందరూ నా వైపు చూస్తున్నారు. "రాలేదంట" అన్నాను. సారు లేచి వచ్చి, అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించారు.

ఆ తర్వాత మా ఆఫీసులో ఒక కొత్త పద్ధతి వచ్చింది. ఏ ఊరి రాస్టర్‌నైనా నున్నగా చేసే ముందు అంచుల ఫిల్టర్ వేసి, ఏమేం పోతున్నాయో ఒకసారి చూడాలి. కొత్తగా చేరిన అమ్మాయిలకు ఆ పని నేర్పించేది నేనే. తొమ్మిది ఇళ్ల కథ చెబుతాను. మొదట నవ్వుతారు, తర్వాత మర్చిపోరు. మొన్న వర్గల్ దిక్కు ఒక ఊరివాళ్లు సారుకు ఫోన్ చేసి, "గట్టు దొరకబట్టిన మేడంను పంపుతరా?" అని అడిగారట. సారు నాకు ఆ సంగతి చెప్పి, "నా పేరు గూడ అడగలే" అని నవ్వారు.

నాయిన సంగతి చెప్పి ముగిస్తాను. ఒక పొద్దున చెట్లు దిగాక ఇంటికి రాకుండా, మాకెవరికీ చెప్పకుండా, తన మోపెడ్ మీద ఆ ఊరికి పోయాడు. పంచాయతీ ఆఫీసు అడుక్కుంటూ వెళ్లి, "మా బిడ్డ చేసిన నక్ష ఉన్నదంట, జర చూపెట్టుండ్రి" అన్నాడట. ఆయన దాని ముందు ఎంతసేపు నిలబడ్డాడంటే, అటెండరు కుర్చీ తెచ్చి వేసి చాయ్ ఇచ్చాడని తర్వాత సర్పంచక్క నాకు చెప్పింది. ఆ కుర్చీలో నాయిన కూర్చోలేదట.

సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి అరుగు మీద ఉన్నాడు.

"నీ నక్ష చూసొచ్చిన" అన్నాడు.

"సమజ్ అయిందా నాయినా?"

"గట్టు సమజైంది. గీతలన్ని కాలే. గని కింద మూలకు నీ పేరున్నది. చేసినోళ్లు అని రాసి, పక్కన ఇంటిపేరుతోటి. గది సదివిన. రెండుసార్లు సదివిన."

మా ఆఫీసు మ్యాపుల మీద అంతకుముందు ఆఫీసు పేరు తప్ప ఎవరి పేరూ ఉండేది కాదు. సారు ఆ రోజు కూర్చుని టైప్ చేసింది అదన్నమాట. నేను చెప్పుల పట్టీ విప్పుకుంటూ నిలబడ్డాను. లోపలి నుంచి అవ్వ గొంతు వినిపించింది.

"ఉత్త పేరేనా? అంత చేసినందుకు ఫొటో గూడ ఏస్తె వాళ్ల సొమ్మేం పోయిందట?"